శత్రువుకి రొక్కం, మిత్రుడికి చీటీ

1807 చివర్లో మొదలై 1814 ఏప్రిల్‌లో ముగిసిన ఒక యుద్ధానికి అయిదు పేర్లున్నాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో అది పెనిన్సులర్ వార్, అంటే ద్వీపకల్ప యుద్ధం. స్పెయిన్‌లో స్వాతంత్ర్య యుద్ధం. అదే స్పెయిన్‌లో కాటలోనియా వాళ్లు మాత్రం ఫ్రెంచివాడి యుద్ధం అంటారు. ఫ్రాన్స్‌లో స్పెయిన్ యుద్ధం. పోర్చుగల్లో ఫ్రెంచి దండయాత్రలు.

ఇంగ్లీషు పేరు వినగానే మనకి కనిపించేది ఒక మ్యాపు. ఓడ మీంచి చూసేవాడు పెట్టిన పేరది. స్పెయిన్ పేరులో ఒక ఫలితం ఉంది, మేం గెలుచుకున్నాం అన్న ధీమా ఉంది. పోర్చుగల్ పేరులో గెలుపు గానీ స్వాతంత్ర్యం గానీ లేవు. ఎవరో మా మీద పడ్డారు, అంతే. బ్రిటన్, పోర్చుగల్, స్పెయిన్ ఒకే జట్టుగా నెపోలియన్ సైన్యాల మీద పోరాడి, జట్టుగానే గెలిచాయి కదా, మరి ఆ గెలుపుకి ముగ్గురూ ఒకే పేరు ఎందుకు పెట్టుకోలేదు? ఈ ప్రశ్నకి జవాబు యుద్ధభూముల్లో కన్నా ధాన్యం పాతరల్లో ఎక్కువ దొరుకుతుందని నాకు అనిపిస్తుంది.

చాలామందిలాగే నేనూ ఈ యుద్ధంలోకి బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన షార్ప్ నవలల దారిన వచ్చాను. కథాకాలం ప్రకారం చదువుకుంటూ పోతే ఆ నవలల హీరో శ్రీరంగపట్నంలో మొదలై స్పెయిన్ దాకా వెళ్తాడు. మహా వేగంగా నడిచే కథలు. తుపాకులు, కోటగోడలు, గుర్రాలు అన్నీ ఉంటాయి. కానీ రోజంతా సర్వర్లూ క్యూలూ చూసుకునే ఉద్యోగం కదా, ఏ వ్యవస్థని చూసినా దీనికి ఇన్‌పుట్ ఎక్కడినుంచి వస్తోంది అని వెతకడం నాకు అలవాటైపోయింది. ఇంతమంది రోజూ ఏం తింటున్నారు? ఎవరు పండించింది తింటున్నారు? డబ్బిచ్చారా?

చిన్న లెక్క వేసుకుందాం. బ్రిటిష్ సైనికుడికి రోజుకి ఒక పౌను బిస్కెట్టు, ఒక పౌను మాంసం ఇవ్వాలని రూలు. 50 వేల మంది ఉన్న సైన్యమైతే బిస్కెట్టు ఒక్కటే రోజుకి 22 టన్నులు దాటుతుంది. ఒక కంచర గాడిద 200 పౌన్ల బరువు మోస్తుందనుకుంటే, రోజుకి 250 గాడిదలు చేరుకోవాలి. గోదాము పది రోజుల దూరంలో ఉంటే? పోవడానికి పది, రావడానికి పది, అంటే 5,000 గాడిదలు ఎప్పుడూ దారిలోనే ఉండాలి. ఇందులో మాంసం లేదు, గుర్రాల దాణా లేదు, ఆ గాడిదలు తినేది అసలే లేదు. ఈ లెక్క తేలకపోతే ఎంత గొప్ప సేనాపతైనా మూడో వారానికి వెనక్కి తిరగాల్సిందే.

నెపోలియన్ దగ్గర ఈ లెక్కకి ఒక సులువైన జవాబుండేది. యుద్ధాన్ని యుద్ధమే మేపుకోవాలి. సైన్యం తనతో పెద్దగా సరుకు మోసుకుపోదు, వెళ్లిన చోట దొరికింది తీసుకుంటుంది. ఉత్తర ఇటలీలో, దక్షిణ జర్మనీలో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. పంటలు బాగా పండే నేలలు, దగ్గరదగ్గరగా ఊళ్లు, మంచి రోడ్లు. పైగా యుద్ధం కొన్ని వారాల్లో తేలిపోయేది. స్పెయిన్, పోర్చుగల్ అలాంటి నేలలు కావు. చాలా చోట్ల రాళ్లకొండలు, పల్చటి జనాభా, ఏటికేడు చాలీచాలని పంట. అక్కడ పెద్ద సైన్యం ఆకలితో చస్తుందనీ, చిన్న సైన్యం ఓడిపోతుందనీ పాత సేనాపతులు చెప్పుకునేవారు.

మొదటి దెబ్బ 1807లోనే తగిలింది. ఇంగ్లండు ఓడలకి రేవులు పూర్తిగా మూసెయ్యమంటే పోర్చుగల్ నాన్చింది. ఆ అక్టోబరులో ఫ్రాన్స్, స్పెయిన్ కలిసి ఫాంటెన్‌బ్లోలో పోర్చుగల్‌ని పంచుకునే ఒప్పందం రాసుకున్నాయి. జూనో నాయకత్వంలో ఫ్రెంచి సైన్యం లిస్బన్ మీదికి పరుగు తీసింది. వానల్లో, కొండదారుల్లో, తిండిలేక సైన్యం చీలికలు పేలికలైపోయింది. నవంబరు 30న జూనోతో లిస్బన్‌లో అడుగుపెట్టింది రెండు వేలమంది కూడా లేరు. ముందురోజే పోర్చుగల్ రాజకుటుంబం పరివారంతో సహా ఓడలెక్కి, బ్రిటిష్ నౌకల కాపలాలో బ్రెజిల్‌కి వెళ్లిపోయింది. రాజు వెళ్లాడు, జనం మిగిలారు.

స్పెయిన్‌కైతే ఫ్రాన్స్ అప్పటికి మిత్రదేశం. ఫ్రెంచి సైన్యాలు మిత్రులుగానే లోపలికి వచ్చాయి. 1808 ఫిబ్రవరిలో పాంప్లోనా కోట ద్వారం దగ్గర ఫ్రెంచి సైనికులు మంచుముద్దలతో ఆడుకుంటున్నట్టు నటిస్తూ, కాపలావాళ్లు నవ్వుతూ చూస్తుండగా, కోటని పట్టేశారు. మే నెలకల్లా నెపోలియన్ స్పెయిన్ రాజునీ రాజకుమారుణ్నీ బయోన్‌కి పిలిపించి, ఇద్దరిచేతా సింహాసనం వదిలించి, తన అన్న జోసెఫ్‌ని అక్కడ కూర్చోబెట్టాడు. మే 2న మాడ్రిడ్ జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు ఊరూరికీ పాకింది. జూలైలో బైలెన్ దగ్గర స్పెయిన్ సైన్యానికి దాదాపు 17 వేల మంది ఫ్రెంచివాళ్లు లొంగిపోయారు. యూరప్ మొత్తం నోరు తెరిచి చూసింది. అప్పటికింకా బ్రిటిష్ సైన్యం అక్కడ ఒక్క యుద్ధం కూడా చెయ్యలేదన్నది గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు నవలల్లో ఈ సంగతి ఒక పేరాలో అయిపోతుంది.

ఆగస్టులో బ్రిటన్ తరఫున పోర్చుగల్ తీరంలో దిగినవాడు ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాతి కాలపు వెల్లింగ్టన్. ఇక్కడ ఒక్కసారి దక్కనుకి రావాలి. ఆయన తిండి లెక్కలు నేర్చుకున్న బడి ఇదే.

వెల్లెస్లీ 1797 నుంచి 1805 దాకా ఇండియాలో ఉన్నాడు. 1799లో టిప్పు మీదికి వెళ్లినప్పుడు తన 33వ రెజిమెంటుతో పాటు హైదరాబాదు నిజాం పంపిన సైన్యం ఆయన చేతికింద నడిచింది. 1803లో మరాఠాల మీద అస్సాయేలో గెలిచాడు. ఆ రోజుల్లో ఆయన రాసిన ఉత్తరాలు తెరిస్తే శౌర్యం కన్నా బియ్యం, ఎద్దులు ఎక్కువ కనిపిస్తాయి. దక్కనులో సైన్యాలకి ధాన్యం మోసింది బంజారాలు, మన లంబాడీలు. వేల ఎద్దుల మీద గోనెలు వేసుకుని సైన్యం వెంట నడిచేవారు. వాళ్లు ఎవరికీ సైనికులు కారు, వ్యాపారులు. సరుకు అమ్ముకోవడానికి భరోసా ఉన్నచోటికి వస్తారు, దోచుకునేవాడి దగ్గరికి రారు. కొట్టి లాక్కుంటే ఒక్కసారే దొరుకుతుంది, కొనుక్కుంటే మళ్లీ మళ్లీ దొరుకుతుంది. ఈ పాఠం ఆయనకి గట్టిగానే పట్టింది. ఆయన్ని సిపాయిల జనరల్ అని వెక్కిరించిన నెపోలియన్‌కి ఆ సిపాయిల దేశంలో ఏం నేర్చుకోవచ్చో తెలియదు.

స్పెయిన్‌లో ఎద్దుల స్థానంలో గాడిదలు, లంబాడీల స్థానంలో స్పెయిన్ గాడిదలవాళ్లు వచ్చారు. బ్రిటన్‌కి సముద్రం చేతిలో ఉంది కాబట్టి పిండి ఓడల్లో లిస్బన్‌కి వచ్చేది. అందులో చాలా భాగం అమెరికా పిండి. 1812లో అమెరికా, బ్రిటన్‌ల మధ్యే యుద్ధం మొదలయ్యాక కూడా, బ్రిటన్ ఇచ్చిన ప్రత్యేక లైసెన్సులతో అమెరికా వర్తకులు వెల్లింగ్టన్ సైన్యానికి పిండి అమ్ముతూనే ఉన్నారు.

అయినా మొదట్లో ఆ వ్యవస్థ కూడా తడబడింది. 1809 జూలైలో తలవెరా దగ్గర ఫ్రెంచివాళ్లని నిలువరించాక, స్పెయిన్ అధికారులు ఇస్తామన్న తిండి రాలేదని వెల్లెస్లీ సైన్యాన్ని పోర్చుగల్ వైపు వెనక్కి తీసుకుపోయాడు. వాళ్లు మాట తప్పారని ఇంగ్లీషు చరిత్రకారులు వందేళ్లు తిట్టుకున్నారు. ఆ యుద్ధంలో స్వయంగా పోరాడి, 1828 నుంచి 1840 దాకా ఆరు సంపుటాల చరిత్ర రాసిన విలియం నేపియర్‌కి స్పెయిన్ వాళ్లంటే చులకన. కానీ ఆ తిండి లేకపోవడానికి కారణం పొగరు కాదు. ఆ ప్రాంతాన్ని ఫ్రెంచి సైన్యం అప్పటికే ఒకసారి తినేసింది. ఖాళీ గాదెలోంచి ఎవరైనా ఏం తీసి పెడతారు?

1810 నాటికి ఫ్రెంచి సైన్యం ద్వీపకల్పంలో మూడు లక్షలకి చేరింది. వెల్లింగ్టన్ దగ్గర దాని ముందు లెక్కలోకి రానంతమంది. మరి అంతమందితో ఆయన్ని సముద్రంలోకి ఎందుకు నెట్టలేకపోయారు? ఆ మూడు లక్షల మందిలో ఎక్కువభాగం తిండి సేకరించడానికీ, సేకరించిన తిండిని కాపాడటానికీ, రోడ్ల మీద కాపలాకీ సరిపోయేవారు. ఒక్క ఉత్తరం ఒక ఊరినుంచి ఇంకో ఊరికి చేరాలంటే వెంట గుర్రపు దళం వెళ్లాలి. దారి పొడవునా గెరిల్లాలు. ఈ మాట ప్రపంచ భాషల్లోకి, మన సాయుధ పోరాటాల పాటల్లోకి వచ్చింది ఈ యుద్ధం నుంచే. గెరిల్లాలు పట్టుకున్న ఉత్తరాలు వెల్లింగ్టన్ శిబిరంలో జార్జ్ స్కోవెల్ అనే అధికారికి చేరేవి. ఫ్రెంచివాళ్లు వాడిన పెద్ద సంకేతలిపిని ఆయన 1812లో కొంచెం కొంచెంగా విప్పాడు. వృత్తిరీత్యా ఆ కథ నాకు చాలా ఇష్టం. కానీ స్కోవెల్ పేరు మిగిలింది, ఉత్తరం పట్టిచ్చిన పల్లెటూరివాళ్ల పేర్లు మిగల్లేదు.

గెరిల్లాలనీ మరీ దేవుళ్లని చెయ్యక్కర్లేదు. వాళ్లకీ తిండి కావాలి. చార్లెస్ ఎస్డేల్ లాంటి ఇటీవలి చరిత్రకారులు ఈ విషయం మీద చాలా పట్టుగా రాశారు. పగలు ఫ్రెంచివాళ్లు వచ్చి ధాన్యం పట్టుకుపోతారు, రాత్రి గెరిల్లాలు వచ్చి అడుగుతారు. ఇచ్చినందుకు వాళ్లు కొడతారు, ఇవ్వనందుకు వీళ్లు కొడతారు. మన దగ్గర కొన్ని జిల్లాల పెద్దవాళ్లకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇక ఈ యుద్ధం మొత్తంలో అందరూ మెచ్చుకునే ఎత్తు దగ్గరికి వద్దాం. టోరెస్ వెద్రాస్ రక్షణ పంక్తులు. లిస్బన్‌కి ఉత్తరాన, టేగస్ నది నుంచి అట్లాంటిక్ దాకా కొండల మీద వరసగా కోటలు. 1809 అక్టోబరులో వెల్లింగ్టన్ తన ఇంజనీరు ఫ్లెచర్‌కి ఆదేశం రాసిచ్చాడు. ఏడాదిపాటు పని గుట్టుగా జరిగింది. బ్రిటిష్ ఇంజనీర్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. మట్టి తవ్వింది, రాళ్లు మోసింది, ఆలివ్ చెట్లు నరికింది వేలమంది పోర్చుగల్ రైతులు, కూలీలు. అన్నీ పూర్తయ్యేసరికి 152 కోటలు తేలాయి.

1810లో మస్సేనా 65 వేల మందితో పోర్చుగల్ మీదికి వచ్చాడు. సెప్టెంబరు 27న బుసాకో కొండ మీద వెల్లింగ్టన్ అతన్ని ఎదుర్కొన్నాడు. మిత్రసైన్యంలో దాదాపు సగం బ్రిటిష్, సగం పోర్చుగీసు. రెండేళ్ల కిందట ఆ పోర్చుగీసు సైన్యం అసలు లేదు. జూనో దాన్ని రద్దు చేశాడు. బెరెస్‌ఫర్డ్ అనే బ్రిటిష్ అధికారి కింద అది మళ్లీ పుట్టింది. ఆ రోజు చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కనబడకుండా పోయినవాళ్లూ కలిపి మిత్రపక్షంలో 1,252 మంది. అందులో బ్రిటిష్ వాళ్లు 626, పోర్చుగీసు వాళ్లు 626. చరిత్రలో ఇంత సమానంగా పంచుకున్న నష్టం ఇంకోటి దొరకడం కష్టం. ఆ రాత్రి యుద్ధం ఆగిపోయి ఉంటే కూటమి అంటే ఇదీ అని చెప్పుకునేవాళ్లం.

కానీ అసలు ఆయుధం ఆ కొండా కాదు, ఆ కోటలూ కాదు. ఫ్రెంచివాళ్లు నడిచే దారిలో తిండి ఉండకూడదన్న ఆజ్ఞ. జనం ఊళ్లు ఖాళీ చేసి సైన్యంతో పాటు వెనక్కి రావాలి. మోసుకురాలేని ధాన్యాన్ని నాశనం చెయ్యాలి. పిండిమరల్ని పనికిరాకుండా చెయ్యాలి. కాదన్నవాడు శత్రువుకి సాయపడ్డట్టే. కోయింబ్రా నగరం ఒక్కరోజులో ఖాళీ అయ్యింది. లక్షలమంది పిల్లాజెల్లాతో లిస్బన్ వైపు నడిచారు.

కాగితం మీద చూస్తే తిరుగులేని ప్లాను. అక్టోబరు మధ్యలో మస్సేనా ఆ పంక్తుల ముందు నిలబడ్డాడు. దాడి చెయ్యలేకపోయాడు. ఒక నెల చూసి సాంతరెమ్ దాకా వెనక్కి జరిగాడు. 1811 మార్చి మొదటి రోజుల్లో స్పెయిన్ వైపు తిరుగుముఖం పట్టాడు. తెచ్చుకున్న 65 వేలలో దాదాపు 25 వేల మందిని పోగొట్టుకున్నాడు. అందులో యుద్ధంలో చచ్చినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లని ఆకలి, జబ్బులు తీసుకుపోయాయి, కొందరు పట్టుబడ్డారు.

వెల్లింగ్టన్ వారాల్లో వెళ్లిపోతాడనుకున్న మస్సేనా మూడు నెలల పైన ఎలా నిలిచాడు? ఎందుకంటే ఆజ్ఞ పూర్తిగా అమలు కాలేదు. రైతులు ధాన్యాన్ని కాల్చలేదు, దాచారు. గోడల మధ్య, నేలలో పాతరలేసి, పొదల కింద. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది పోర్చుగీసు వాళ్ల క్రమశిక్షణారాహిత్యం. వచ్చే ఏడు విత్తనం కూడా అందులోంచే తియ్యాల్సిన రైతు కళ్లతో చూడండి. తన గింజలకి తనే నిప్పు పెట్టుకోమంటున్నాడు ఒక పరాయి దేశపు సేనాపతి. రైతు ఒప్పుకుంటాడా? దాచాడు. ఫ్రెంచి సైనికులు ఇళ్లగోడలు తట్టి చూశారు, నేల మీద నీళ్లు పోసి ఎక్కడ ఇంకుతుందో చూశారు, మనుషుల్ని చిత్రహింసలు పెట్టి చోటు చెప్పించుకున్నారు.

ఆ చలికాలం ఆకలికీ జబ్బులకీ చనిపోయిన పోర్చుగల్ మామూలు జనం 40 వేలకి తక్కువుండరని చరిత్రకారుల అంచనా. ఫ్రెంచి సైన్యం పోగొట్టుకున్న మొత్తం కన్నా ఎక్కువ. రక్తపాతం లేకుండా గెలిచిన గొప్ప ఎత్తు అని సైనిక కళాశాలల్లో చెప్పే పాఠం వెనక ఉన్న లెక్క ఇది. 1811లో బ్రిటిష్ పార్లమెంటు బాధితులకి లక్ష పౌండ్లు మంజూరు చేసింది. అదే సంవత్సరం పోర్చుగల్ సైన్యం ఖర్చుకి బ్రిటన్ ఇచ్చింది 20 లక్షల పౌండ్లు. తుపాకీ పట్టినవాడికి ఇరవై వంతులు, పొలం పోగొట్టుకున్నవాడికి ఒక వంతు.

అలాగని వెల్లింగ్టన్ దగ్గర వేరే దారి ఉందా? నిజాయితీగా చెప్పాలంటే నాకు కనిపించడం లేదు. లిస్బన్ పోతే బ్రిటన్ ఓడలెక్కి వెళ్లిపోయేది, పోర్చుగల్ ఇంకో స్పెయిన్ అయ్యేది. ఎత్తు తప్పని నేననడం లేదు. గెలుపు ఖాతాలో ఒక పేరు, ఖర్చు ఖాతాలో ఇంకో పేరు ఉన్నప్పుడు, రెండో ఖాతాని కూడా చదవాలంటున్నాను.

ఇదే సమయంలో మాడ్రిడ్‌లో ఇంకో కరువు. 1811లో పంట పోయింది. ఉన్నది ఫ్రెంచి సైన్యం తీసుకుంది. బయటినుంచి వచ్చే బండ్లని గెరిల్లాలు ఆపారు. 1811–12లో ఆ నగరంలో 20 వేల మంది దాకా చనిపోయారు. గోయా ఆ వీధుల్లోనే ఉన్నాడు. ఆయన చెక్కిన యుద్ధ బీభత్సాల బొమ్మల వరసలో 48 నుంచి 64 దాకా ఉన్నవి ఆకలి బొమ్మలు. చంపుకునే బొమ్మలే అందరికీ తెలుసు. ఈ పదిహేడింటిలో తుపాకీ కాదు, రొట్టె ముక్క కోసం చాచిన చేతులు, శవాల బండి, నేలకొరిగిన ఆడవాళ్లు. ఆయన 1828లో పోయాడు. ఆ బొమ్మలు అచ్చయింది 1863లో. రాజుగారి గెలుపు బొమ్మల మధ్య వాటికి చోటు దొరకడానికి అంత కాలం పట్టింది.

1812లో అటూ ఇటూ ఊగిన త్రాసు మిత్రపక్షం వైపు మొగ్గింది. జనవరిలో సియుదాద్ రోద్రిగో, ఏప్రిల్‌లో బదాహోజ్, జూలైలో సలమాంకా. బదాహోజ్ గోడలెక్కడానికి మిత్రసైన్యం వేలమందిని పోగొట్టుకుంది. లోపలికి వెళ్లాక మూడురోజులు ఆ ఊరిని దోచింది, ఆడవాళ్ల మీద పడింది. ఆ ఊరు స్పెయిన్‌ది. అంటే మిత్రుడిది. 1813 ఆగస్టు 31న సాన్ సెబాస్టియన్‌లో మళ్లీ అదే. ఊరు కాలిపోయింది. మంట ఎవరు పెట్టారన్న దాని మీద బ్రిటన్, స్పెయిన్ ఈనాటికీ ఒక మాట మీద లేవు. మిగిలిన కాసిని ఇళ్లున్న వీధికి ఇప్పుడు ఆగస్టు 31 వీధి అని పేరు. ఏటా ఆ రోజు అక్కడ దీపాలు పెడతారు. విడిపించడానికి వచ్చినవాళ్లు వచ్చిన రోజుకి సంతాప దీపాలు!

1813 జూన్ 21న విటోరియాలో జోసెఫ్ సైన్యం పూర్తిగా విరిగిపోయింది. అతని బండ్లలో ఉన్న స్పెయిన్ ఖజానాని మిత్రసైనికులు ఆ సాయంత్రమే జేబుల్లో నింపుకున్నారు. రాజభవనాల చిత్రాలు కొన్ని వెల్లింగ్టన్‌కి చేరాయి. తిరిగి ఇస్తానంటే ఫెర్డినాండ్ రాజు ఉంచుకోమన్నాడు. లండన్‌లో వెల్లింగ్టన్ ఇంటికి వెళితే వెలాస్కెజ్ గీసిన సెవిల్ నీళ్లమ్మేవాణ్ని ఇప్పటికీ చూడొచ్చు.

ఆ అక్టోబరులో సైన్యం సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి అడుగుపెట్టింది. నాకు ఈ యుద్ధం మొత్తంలో ఎక్కువ నేర్పింది ఈ ఘట్టమే. శత్రువు నేల మీద వెల్లింగ్టన్ పెట్టిన మొదటి షరతు, ఎవరూ ఏమీ దోచకూడదు. తీసుకున్న ప్రతిదానికీ డబ్బిచ్చెయ్యాలి, అదీ రొక్కం. ఫ్రెంచి రైతులకి స్పెయిన్ వెండి నాణేల మీద నమ్మకం లేకపోతే, సైన్యంలో దొంగ నాణేలు వెయ్యడం తెలిసినవాళ్లని వెతికి పట్టుకుని, ఆ వెండితోనే ఫ్రెంచి నాణేలు వేయించాడని నేపియర్ రాశాడు. 1814 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం నాథన్ రాత్స్‌చైల్డ్‌కి ఈ సైన్యం కోసం బంగారు నాణేలు సమకూర్చే పని అప్పగించింది. ఫలితం వెంటనే కనిపించింది. పారిపోయిన ఫ్రెంచి రైతులు తిరిగొచ్చారు. కోళ్లు, గొర్రెలు, సారాయి శిబిరానికి తెచ్చి అమ్ముకున్నారు. సొంత సైన్యం కన్నా శత్రుసైన్యమే నయమనుకునే పరిస్థితి వచ్చింది. నెపోలియన్ ఆశించిన ప్రజా తిరుగుబాటు అక్కడ లేవలేదు.

ఎంత తెలివైన పని! కానీ పోర్చుగల్ రైతుకి ఏమిచ్చారు? చీటీలు. సరుకు తీసుకుని బ్రిటిష్ సరఫరా అధికారి ఒక కాగితం రాసిచ్చేవాడు. దాన్ని డబ్బుగా మార్చుకోవాలంటే ఎక్కడికో వెళ్లి ఎన్నాళ్లో ఆగాలి. ఆగలేనివాడు సగానికో పావుకో దళారికి అమ్ముకునేవాడు. స్పెయిన్ గాడిదలవాళ్లకి కూలి నెలల తరబడి బాకీ. వదిలేసి పోదామంటే పాత బాకీ పోతుంది, ఉంటే కొత్త బాకీ పెరుగుతుంది. వెల్లింగ్టన్ దగ్గర నిజంగానే రొక్కం తక్కువ, లండన్‌కి ఆయన రాసిన ఉత్తరాల నిండా ఆ మొరే. ఉన్న కాస్త రొక్కం ఎవరికివ్వాలి అన్నప్పుడు మాత్రం, తిరగబడగల శత్రువు రైతు ముందు నిలిచాడు. మిత్రుడు ఎక్కడికి పోతాడు?

స్పెయిన్ సైనికుల సంగతి ఇంకా ఘోరం. ఫ్రాన్స్‌లో వాళ్లు దోచారు. వాళ్ల ప్రభుత్వం తిండి పెట్టలేదు, జీతం ఇవ్వలేదు, పైగా ఆరేళ్లుగా వాళ్ల ఊళ్లని దోచింది ఈ ఫ్రెంచివాళ్లే. 1813 నవంబరులో నివెల్ యుద్ధం గెలిచాక వెల్లింగ్టన్ వాళ్లలో ఎక్కువమందిని సరిహద్దు అవతలికి వెనక్కి పంపేశాడు. అలా ఎవరి దేశం కోసం యుద్ధం మొదలైందో వాళ్లే ఆఖరి అంకంలో చాలావరకు వేదిక దిగిపోయారు.

కూటమి అన్న మాటకి దక్కనులో ఇంకో అర్థం ఉండేది. ఆర్థర్ అన్న రిచర్డ్ వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగా 1798 సెప్టెంబరులో నిజాంతో సైన్య సహకార ఒప్పందం జరిగింది. అక్టోబరులో హైదరాబాదులోని ఫ్రెంచి అధికారుల దళాన్ని, మనం మూసారాంబాగ్ పేరులో ఇంకా తలుచుకునే రేమండ్ తయారుచేసిన దళాన్ని, నిరాయుధం చేశారు. 1800లో ఆ కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు రాసిచ్చాడు. దత్తమండలాలు అయ్యాయి. అదే రిచర్డ్ 1809లో స్పెయిన్‌కి రాయబారి, ఆ చివర్లో బ్రిటన్ విదేశాంగ మంత్రి. తర్వాతి రాయబారి ఇంకో తమ్ముడు హెన్రీ. హైదరాబాదులో రెసిడెంటు ఉన్నట్టే, లిస్బన్‌లో బ్రిటిష్ రాయబారి స్టూవర్ట్ 1810లో ఏకంగా పాలక మండలిలో సభ్యుడయ్యాడు.

రెండూ ఒకటే అనడం లేదు. ఇక్కడ మిత్రుడి దగ్గర భూమి తీసుకున్నారు, అక్కడ మిత్రుడికి డబ్బిచ్చారు. పోర్చుగల్ దేశంగా మిగిలింది. కానీ అక్కడా ఊరికే ఇవ్వలేదు. 1810 ఒప్పందం ప్రకారం బ్రెజిల్ రేవుల్లో బ్రిటిష్ సరుకుకి సుంకం 15 శాతం. సొంత దేశం పోర్చుగల్ నుంచి వచ్చిన సరుకుకి 16 శాతం! మిగతా దేశాలకి 24. తమ వలసలో తామే రెండో వరసకి జరిగారు.

1814 ఏప్రిల్ 10న టులూజ్ దగ్గర ఆఖరి పెద్ద యుద్ధం జరిగింది. నెపోలియన్ అప్పటికి నాలుగు రోజుల ముందే గద్దె దిగాడు. ఆ వార్త చేరలేదు, వేలమంది పడిపోయారు. స్పెయిన్‌కి తిరిగొచ్చిన ఫెర్డినాండ్, తన పేరు మీద పోరాడినవాళ్లు 1812లో కాదిజ్‌లో రాసుకున్న రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. గెరిల్లా నాయకుడు ఎల్ ఎంపెసినాదోని 1825లో ఉరి తీయించాడు. పోర్చుగల్లో యుద్ధం అయిపోయాక కూడా బెరెస్‌ఫర్డే సైన్యాధిపతి. 1820 ఆగస్టులో పోర్టోలో తిరుగుబాటు వచ్చింది, బ్రిటిష్ అధికారుల్ని ఇంటికి పంపారు.

ఇంత చదివాక ఆ అయిదు పేర్లలో ఏది సరైనది అని ఎవరైనా అడిగితే నేను పోర్చుగల్ పేరుకే ఓటేస్తాను. దండయాత్రలు. గెలిచిన దేశమే అయినా తన పేరులో గెలుపు రాసుకోలేదు. ఆ చలికాలం నేలలో దాచిన పాతరని ఫ్రెంచివాడు తవ్వుకుపోతే, మిగిలిన దానికి మిత్రుడి చీటీ చేతికొచ్చిన రైతుకి, ఆ చీటీ సగానికి అమ్ముకున్న రోజున, అది ఎవరి స్వాతంత్ర్య యుద్ధం అని చెప్పాలో నాకైతే తెలియదు.